పిలగాని మీద కేసు, కంపెనీకి షేర్ మార్కెట్టు

అప్పు బాధకు ఒక ఆడామె పానం తీసుకుంటే పోలీసోళ్లు ముందుగాల అడిగే మాట ఒక్కటే. ‘ఇంటికొచ్చి లొల్లి పెట్టిందెవలు?’ ఊరోళ్లు పేరు జెప్తరు. ఆ పేరు ఇరవై రెండేండ్ల పిలగానిది. ఇంటరో డిగ్రీనో చదివి, నౌకరి దొరకక, కంపెనీ బ్యాగు భుజానేసుకొని బండి మీద తిరిగేటోనిది. వాని మీద ఎఫ్ఐఆర్ అయితది. వాడు ఆ పొద్దు ఆ ఇంటిముంగట ఎందుకు కూసున్నడు, పైసలు లేకుండ వాపసు పోతే బ్రాంచిల వానికి ఏమైతది, వానికి టార్గెట్ రాసిచ్చింది ఎవలు అన్న సంగతి కేసు డైరీల ఉండదు. దర్యాప్తు వాని బండి కాడనే ఆగిపోతది.

ఈ ముచ్చట 2010ల పాత వరంగల్ జిల్లా కండ్లార చూసింది. ఇయ్యాల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మూడు జిల్లాలుగ చెప్పుకునే నేలల శాన మటుకు అప్పుడు ఒక్క వరంగల్ కిందనే ఉండె. 2016 అక్టోబర్ 11 నాడు విడివడ్డయి గానీ, వారాల అప్పు తిప్పలు మాత్రం అన్నిటికీ ఒక్కతీరుగనే పడ్డయి. జనగామ దిక్కు ఎండిన బోర్లు, మానుకోట దిక్కు తండాలు, భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిల చుట్టూ కాంట్రాక్టు కూలీల బస్తీలు. మూడు చోట్లా బ్యాంకు అప్పు పుట్టని ఆడోళ్లే మైక్రోఫైనాన్సు కంపెనీలకు గిరాకి.

ఆ ఏడు ఆగస్టుల ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్ మార్కెట్ల దిగింది. షేరుకు 985 రూపాయలు. దాదాపు 1,600 కోట్లు కూడినయి. 1998ల మెదక్ జిల్లా నారాయణఖేడ్ దిక్కు సేవా సంస్థ పేరుతోని చిన్న చిన్న అప్పులిచ్చుడు షురూ జేసిన సంస్థ అది. 2005ల ఫైనాన్సు కంపెనీ అయింది, 2010ల షేర్ మార్కెట్‌కు ఎక్కింది. మార్కెట్ల గంట కొట్టిన రెండు నెలలకే, అక్టోబర్ నడుమ, సర్కారు ఆర్డినెన్సు తేవల్సొచ్చింది. ఎందుకంటే ఊర్లల్ల సావులు ఆగుతలేవు. పత్రికల్ల వచ్చిన వార్తలను సర్కారు కూడగడితే ఆ ఏడు ఆఖరి నెలల్ల రాష్ట్రంల అప్పుల సావులు 200 దాటినయి. ఇందుల ఒక్క కంపెనీ పాత్రనే ఉన్నదని నేను అంటలేను. ఒక్కొక్క ఇంట్ల నాలుగైదు కంపెనీల పాసుబుక్కులు ఉండె. ఊరి మిత్తి వ్యాపారి అప్పు వేరే.

ఆ అప్పు ఎట్ల నడిచేదో ఎర్క లేని చదువుకున్నోళ్ల కోసం జరంత జెప్పాలె. ఐదుగురు ఆడోళ్లు ఒక గ్రూపు. అట్లాంటి గ్రూపులు కొన్ని కలిస్తే ఒక సెంటర్. జమానతు ఏం లేదు, ఒకరికి ఒకరే జమానతు. వారానికి ఒకసారి పొద్దుగాల, కూలికి పోయే యాళ్లకు ముందే, ఎవలదో ఒకరి వాకిట్ల అందరు వరుసగ కూసోవాలె. ప్రతిజ్ఞ చదవాలె. కిస్తు ముంగట పెట్టాలె. ఒక్కామె రాకపోతే, లేదా వచ్చి పైసలు లేవంటే, మిగతా అందరు లేవొద్దు. ఎండ ఎక్కుతది, కైకిలి పోతది, పిల్లలు ఏడుస్తరు. ఆఖరికి ఆ ఆడోళ్లే ఆమె ఇంటికి పోతరు. తిట్టేది వాళ్లే, బిందె పట్టుకొచ్చేది వాళ్లే. కంపెనీ మనిషి చెయ్యి చేసుకోడు, నోరు జారడు, చెట్టుకింద కూసొని ఫోను చూసుకుంటడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. ఆమెను అవమానపరచుమని కంపెనీ కాయిదం ఏదీ చెప్పదు. కంపెనీ కాయిదాల్ల అంతా ‘మహిళా సాధికారత’నే. కానీ ఆమెను అవమానపరచకుండ ఆ పైసలు వచ్చే తొవ్వ ఇంకొకటి లేదు. అవమానమే ఆ అప్పుకు జమానతు. ఇంత చక్కగ అమర్చిన యంత్రాన్ని ఎవలో ఒక్క ఫీల్డు పిలగాడు కనిపెట్టిండని నమ్ముమంటే ఎట్ల నమ్ముదం?

ఇగ ఆ పిలగాని సంగతి. వాడు మన ఊరోడే. వానికి జీతం తక్కువ, ఇన్సెంటివ్ ఎక్కువ. ఎంతమంది కొత్తోళ్లను చేర్పిస్తే అంత, వసూలు వందకు వంద అయితే అంత. వసూలు తగ్గితే బ్రాంచిల రాత్రి తొమ్మిది దాక నిలబెట్టి మాట్లాడుతరు. చాలా చోట్ల తక్కువ పడ్డ కిస్తు వాని జేబుల నుంచి కట్టిచ్చుకున్నరు. బ్రాంచి మేనేజర్ మీద ఏరియా మేనేజర్, ఆయన మీద ఇంకొకాయన, ఆ పైన ఇన్వెస్టర్లు. పైనోళ్లకు కనపడేది కంప్యూటర్ల ఒక్క అంకె: వసూలు శాతం 99. ఆ 99 ఎట్ల వస్తున్నదని అడిగినోడు లేడు. కరువు జిల్లాల, పంట పోయిన ఏడాదిల గూడ, వారంవారం తప్పకుండ 99 శాతం వసూలు అయితుందంటే కడుపుకు అన్నం తినేటోడు ఎవడైనా అనుమానపడాలె. వాళ్లు దాన్ని చూసి బోనస్ ఇచ్చుకున్నరు.

అప్పుకు తోడు ఇన్సూరెన్సు కట్టిచ్చేటోళ్లు. అప్పు తీసుకున్నామె సచ్చిపోతే బాకీ మాఫీ. మంచిదే గదా అనిపిస్తది. కానీ ‘సస్తే తీరుతది’ అని మొకం మీద అన్నరని ఆనాటి పత్రికల్ల వచ్చినయి. ఆ మాట అన్నది ఎవడో ఒక్కడే కావొచ్చు. వాడు తాగి ఉండొచ్చు, కోపంల ఉండొచ్చు. అయినా ఆ మాట వాని నోట్లకు ఎక్కడి నుంచి వచ్చిందో అడుగకుండ వాని ఒక్కన్ని జైల్ల పెడితే, రేపు అదే సీట్ల ఇంకొకడు కూసుంటడు, అదే మాట అంటడు.

2012 ఫిబ్రవరిల అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఒక కథనం బయటపెట్టింది. ఎస్‌కేఎస్ తానే చేయించుకున్న బయటోళ్ల విచారణల, కొన్ని ఆత్మహత్యలకు కంపెనీ సిబ్బంది ప్రవర్తనతోని లంకె ఉన్నదని తేలిందని రాసింది. కంపెనీ ఒప్పుకోలేదు. తమ సిబ్బంది తప్పు లేదన్నది. ఎవలు నిజమో తేల్చాల్సింది కోర్టు. కానీ కోర్టు ముంగటికి ఆ ప్రశ్న ఆ రూపంల పోనేలేదు. ఆనాడు కేసులు పడ్డది ఎక్కువగ ఫీల్డు సిబ్బంది మీద, బ్రాంచి మేనేజర్ల మీద. ఆత్మహత్యకు పురికొల్పిండ్రనే సెక్షన్ – అప్పుడు ఐపీసీ 306, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 108. ఆ సెక్షన్ కింద శిక్ష పడాలంటే ఈ మనిషి ఉద్దేశంతోని ఆ మనిషిని ఉసిగొల్పిండని రుజువు కావాలె. అప్పు అడుగుడు ఉద్దేశమా? అడగమన్నది డ్యూటీనే గదా! ఇటు చూస్తే పిలగాని ఉద్దేశం దొరకదు. అటు చూస్తే పైనోళ్లకు ఆమె పేరు గూడ తెల్వదు. నడుమ ఒక పానం పోయింది, నేరస్థుడు లేడు.

మన చట్టంల కంపెనీ మీద కేసు పెట్టొద్దని లేదు. ‘వ్యక్తి’ అంటే కంపెనీ గూడ అని ఐపీసీల ఉన్నది, న్యాయ సంహితల ఉన్నది. కంపెనీని జైల్ల పెట్టలేం గాబట్టి జైలుశిక్ష తప్పనిసరి అయిన నేరంల దాన్ని ముద్దాయిని చెయ్యొద్దనే వాదనను సుప్రీంకోర్టు 2005ల స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసుల కొట్టేసింది. ఐదుగురు జడ్జీల ముగ్గురు ఒక దిక్కు, ఇద్దరు ఒక దిక్కు. జైలు కుదరకపోతే జుర్మానా వెయ్యొచ్చు అన్నరు. 2010ల ఇరిడియం, మోటొరోలా కేసుల ఇంకో అడుగు ముందటికి పోయిండ్రు. మోసం లాంటి, మనసుల దురుద్దేశం ఉండాల్సిన నేరాలు గూడ కంపెనీకి అంటగట్టొచ్చు, దాన్ని నడిపించే పెద్దల మనసే కంపెనీ మనసు అన్నరు.

చిక్కు గిక్కడనే ఉన్నది. పెద్దల మనసు వెతకాలంటే చిన్న దుకాణంల అల్కగ దొరుకుతది. ఓనరే గల్లపెట్టె మీద కూసుంటడు, ఓనరే తిడుతడు. కంపెనీ ఎంత పెద్దగైతే పైనోడు తప్పుకు అంత దూరం జరుగుతడు. ముంబైల కూసున్న డైరెక్టర్ తొర్రూరు తండాల ఆడామెను బెదిరించుమని ఏ ఈమెయిల్‌ల రాస్తడు? రాయడు. రాయాల్సిన అక్కెర లేకుండ పద్ధతి పెట్టుకున్నడు. అంటే ఈ చట్టం చిన్నోన్ని పట్టుకుంటది, పెద్దోన్ని ఇడిసిపెడ్తది.

దీనికి వేరే దేశాలోళ్లు ఒక జవాబు వెతికిండ్రు. ఆస్ట్రేలియా 1995ల చేసుకున్న క్రిమినల్ కోడ్‌ల ఒక మాట రాసుకున్నది. కంపెనీల నడిచే వైఖరి, పాలసీ, నియమం, పని తీరు, అలవాటు – వీటన్నిటినీ కలిపి ‘కార్పొరేట్ కల్చర్’ అన్నది. ఆ కల్చర్ తప్పు చెయ్యమని నడిపించినా, ప్రోత్సహించినా, చూసీచూడనట్టు ఊకున్నా, చట్టం పాటించే అలవాటు చెయ్యకపోయినా, ఆ నేరం కంపెనీదే. ఇంకో ముచ్చట నాకు శాన నచ్చింది. కింద పనిచేసే మనిషి, తాను చేసే పనికి పైనోళ్లు ఒప్పుకుంటరని సహేతుకంగ నమ్మిండా లేదా అన్నది గూడ కోర్టు చూస్తది. ఈ ఒక్క ప్రశ్న మన ఫీల్డు పిలగానికి వేసి చూడుండ్రి. ఆమె వాకిట్ల రాత్రి దాక కూసున్ననాడు, ఇది తెలిస్తే మా సార్లు కోపం జేస్తరని వాడు అనుకున్నడా, శభాష్ అంటరనుకున్నడా? ఆ జవాబుల్నే కంపెనీ మనసు ఉన్నది. డైరెక్టర్ తలకాయల వెతకాల్సిన పని లేదు.

కెనడాల ఈ తొవ్వ బొగ్గుబాయి నుంచే షురువయింది. 1992 మే 9 నాడు వెస్ట్‌రే అనే బాయిల గ్యాసు పేలి 26 మంది కార్మికులు సచ్చిండ్రు. బొగ్గు దుమ్ము పేరుకపోయిందని, గాలాడుత లేదని కార్మికులు ముందుగాలనే మొత్తుకున్నరు. విచారణ చేసిన జడ్జి 1997 నివేదికకు పెట్టిన పేరుల్నే, ఇది ముందే తెలిసిన తొవ్వల వచ్చిన ప్రమాదమని చెప్పిండు. అయినా మేనేజర్ల మీద పెట్టిన క్రిమినల్ కేసు నిలవలేదు. అక్కడి స్టీల్ కార్మికుల సంఘం ఏండ్ల తరబడి కొట్లాడితే 2004ల చట్టం మారింది. బ్రిటన్‌ల 1987ల ఓడ మునిగి 193 మంది పోయినంక, కంపెనీ మీద పెట్టిన కేసు ‘పెద్దల మనసు’ దొరకక పడిపోయింది. 2007ల అక్కడ గూడ చట్టం చేసిండ్రు. కంపెనీల ఉన్న వైఖరి, అలవాటు జ్యూరీ చూడొచ్చని దాంట్ల రాసిండ్రు. ఇవేవో గొప్ప విజయాలని నేను చెప్పను. ఆస్ట్రేలియాల ఆ సెక్షన్ వాడింది శాన తక్కువ. చట్టం రాసుడు ఒక ఎత్తు, వాడుడు ఇంకో ఎత్తు.

బొగ్గుబాయి అనంగనే భూపాలపల్లోళ్లకు నేను జెప్పాల్నా! కాకతీయ ఖని బాయిల్ల దిగేటోళ్లకు అంతా ఎర్కే. పైకప్పు కూలి ఎవలన్న పోతే ముందుగాల సస్పెండ్ అయ్యేది సర్దారు, ఓవర్‌మెన్. సపోర్టు సరిగ పెట్టలేదు, చూసుకోలేదు అని. ఆ షిఫ్టుల ఎన్ని టన్నులు తియ్యాలని ఎవలు ఫోను చేసిండ్రు, సపోర్టు సామాను ఎన్నొద్దుల నుంచి రాలేదు, ‘ఇక్కడ ప్రమాదం ఉన్నది, పని ఆపుతున్న’ అన్న సర్దారుకు కిందటిసారి ఏమైంది – ఇవి ఫైల్ల ఉండవు. 2003 జూన్ 16 నాడు గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు చొరబడి 17 మంది పోయిండ్రు. నాలుగు నెలలకే 8ఏ ఇంక్లైన్‌ల కప్పు కూలి పది మంది పోయిండ్రు. నాలుగు నెలల్ల 27 మంది. అది ఒక్క సర్దారు తప్పయితదా? సింగరేణిల 51 వంతులు రాష్ట్ర సర్కారుది, 49 కేంద్రానిది. కంపెనీ అంటే టాటా బిర్లానే కాదు, సర్కారు గూడ. ఈ సంగతి మన ఉద్యోగ సంఘాలోళ్లు మర్వొద్దు.

మొన్నమొన్న 2025 జూన్ 30 నాడు పాశమైలారంల సిగాచి ఫ్యాక్టరీ పేలి 54 మంది పోయిండ్రు. పాత యంత్రాలు మార్చుండ్రని చెప్పినా వినలేదని బాధితుల ఇంటోళ్లు ఫిర్యాదుల రాసిచ్చిండ్రు. ఆ ఫిర్యాదుల కల్చర్ అన్న మాట లేదు గానీ, ఉన్నది అదే: చెప్పినా వినని అలవాటు. భోపాల్‌ల 1984ల వేలమంది సస్తే, 2010 జూన్‌ల కింది కోర్టు యూనియన్ కార్బైడ్ ఇండియా కంపెనీకి వేసిన జుర్మానా 5 లక్షలు, మనుషులకు రెండేండ్ల జైలు. అప్పటి ఐపీసీ 304ఏ కింద అంతకు మించి లేదు. ఇప్పుడు న్యాయ సంహిత 106ల అది ఐదేండ్లు అయింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమలుకు వచ్చినయి. నూటా అరవై ఏండ్లు దాటిన చట్టాన్ని పారేసి కొత్తది రాసుకున్నప్పుడు గూడ, కంపెనీ నేరాన్ని ఎట్ల కొలవాలని ఒక్క వాక్యం రాయలేదు. పేర్లు మార్చిండ్రు, నంబర్లు మార్చిండ్రు.

మా ఉద్యోగ మిత్రులు కొందరు అడుగుతరు, కల్చర్ అంటే గాలి లాంటిది, దాన్ని బోనుల ఎట్ల నిలబెడ్తవు అని. అందరిదీ తప్పంటే ఎవనిదీ తప్పు కాకుంట పోతది గదా అని. సరైన భయమే. అందుకే కంపెనీ మీద కేసు అనేది మనుషుల మీద కేసుకు బదులు కావొద్దు, దానికి తోడు కావాలె. చెయ్యి చేసుకున్న పిలగాడు వాని శిక్ష వాడు అనుభవించాలె. కాకపోతే గాలి గూడ తూకానికి వస్తది. ఇన్సెంటివ్ స్లాబులు కాయిదం మీద ఉంటయి. ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి, ఎన్నిటికి జవాబు ఇచ్చిండ్రు అన్న రిజిస్టర్ ఉంటది. గట్టిగ వసూలు జేసినోనికి ప్రమోషన్, మానవత్వం చూపినోనికి ట్రాన్స్‌ఫర్ వచ్చిందా అన్నది హెచ్ఆర్ ఫైల్ల ఉంటది. ఇంకొక మాట గూడ నిజం. సింగరేణి లాంటి దానికి జుర్మానా వేస్తే అది సర్కారు ఒక జేబుల నుంచి ఇంకో జేబులకు పోయే పైసనే. అసోంటి చోట జుర్మానా కన్న, పద్ధతి మార్చుమని కోర్టు హుకుం, మార్చిండ్రా లేదా అని చూసే బయటి మనిషి, పెద్ద సార్ల ఇన్సెంటివ్ కోత – ఇవే పనికొస్తయి.

2010 చట్టం సంగతికి వస్తే, అది మంచిదే అని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ లేకుండ అప్పు ఇయ్యొద్దు, మిత్తి అసలును దాటొద్దు, వసూలు పంచాయితీ ఆఫీసు కాడనే చెయ్యాలె, వారం కిస్తు బంద్, బెదిరిస్తే మూడేండ్ల దాక జైలు లేదా లక్ష జుర్మానా. కానీ అది గూడ బెదిరించిన చేతినే చూసింది, బెదిరింపును లాభం జేసిన లెక్కను చూడలేదు. కంపెనీల వసూళ్లు ఒక్కసారే పడిపోయినయి, కొత్త అప్పులు ఆగినయి. చాలామంది ఆడోళ్లు మళ్లా నూటికి నెలకు మూడు, ఐదు మిత్తి వ్యాపారి గడప తొక్కిండ్రు. ఆ మాట దాచిపెట్టుడు న్యాయం కాదు. 2011ల రిజర్వు బ్యాంకు మిత్తికి 26 శాతం హద్దు పెట్టింది. 2022 మార్చిల ఆ హద్దు తీసేసింది. కంపెనీనే తన బోర్డుల నిర్ణయించుకోవచ్చన్నది. 2022 మేల కేరళ, గుజరాత్ చట్టాల మీద సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల మిత్తి చట్టాలు వర్తించయన్నది. 2023 ఫిబ్రవరిల తెలంగాణ హైకోర్టు గూడ మన 2010 చట్టం గురించి అదే తీర్పు చెప్పింది. అంటే ఆ పంచాయితీ ఆఫీసు రక్షణ ఇప్పుడు వాళ్ల మీద నడవదు. కంపెనీలు మళ్లా మన తండాలకు వచ్చినయి. పేర్లు మారినయి, బండ్లు మారినయి. 2020 చివర లోన్ యాప్‌ల గోసల హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడితే, ఆడ గూడ ముందుగాల దొరికింది హెడ్‌ఫోను పెట్టుకున్న టెలికాలర్ పిల్లలే.

మిత్తి మీద చట్టం చేసే అధికారం రాష్ట్రం చేతుల నుంచి జారింది గానీ, క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాల్నే ఉన్నది. న్యాయ సంహితకు తెలంగాణ సవరణ అని అసెంబ్లీల బిల్లు పెట్టి, రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు. కంపెనీల నడిచే అలవాటు నేరానికి తొవ్వ తీస్తే ఆ నేరం కంపెనీదే అని రెండు వాక్యాలు చాలు. మన మూడు జిల్లాల ఎమ్మెల్యేలను ఈ ఒక్క ప్రశ్న అడగాలె. ఏ పార్టీ అయినా సరే.

అప్పటిదాక చేసుకునే పని ఒకటి ఉన్నది, అది మన విద్యార్థుల చేతుల్నే ఉన్నది. ఈ కంపెనీలల్ల ఫీల్డు నౌకరి చేస్తున్నది మీరే, మీ దోస్తులే. పొద్దున వాట్సాప్ గ్రూపుల మేనేజర్ పెట్టే టార్గెట్ మెసేజ్, రాత్రి పెట్టే ‘వసూలు కాకుండ ఇంటికి పోవొద్దు’ వాయిస్, జీతం స్లిప్పుల కోసిన కిస్తు – ఇవి తుడిచెయ్యకుండ్రి. ఊర్ల ఏదన్న జరిగి పోలీసులు వస్తే ఫిర్యాదుల పిలగాని పేరు ఒక్కటే రాయకుండ, కంపెనీ పేరు, బ్రాంచి పేరు, ఆ మెసేజ్ పెట్టినాయన హోదా రాయిపియ్యాలె. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలె. స్క్రీన్‌షాట్ తీసి అసలు ఫోను పోగొట్టుకుంటే కష్టమైతది. ఫోను జాగ్రత్తగ పెట్టుండ్రి.